కట్టిన చీరకు పాట: మొదటిసారి వేలం వేసేవాళ్ళకు ఒక పాఠం

'వేలం' అనే మాట మన భాషలో పుట్టింది కాదు. పోర్చుగీసువాళ్ళు మన తీరాలకు వర్తకానికి వచ్చినప్పుడు తెచ్చిన 'లెయిలావ్' అనే మాట నుంచి వచ్చిందని భాషా చరిత్ర చదివినవాళ్ళు చెబుతారు. దానికి మూలం అరబ్బీలో ఉంది, చాటి చెప్పడం అని అర్థం. అదే మాట మలయాళంలో లేలం, తమిళంలో ఏలం, హిందీలో నీలాం, తెలుగులో వేలం అయింది. తమిళం పక్కనే బతికే మన ఇళ్ళల్లో 'ఏలం' అన్నా ఎవరికీ వింతగా ఉండదు. వేలం పరాయి మాటైనా 'పాట' మాత్రం మనదే. ధర పెంచడాన్ని 'పాడటం' అని, గెలిచి తీసుకోవడాన్ని 'పాడుకోవడం' అని అంటాం.

చాటి చెప్పడం అన్న ఆ పాత అర్థాన్ని గుర్తు పెట్టుకోండి, ఈ పాఠం మొత్తానికి అదే కీలకం. ఇంట్లో బీరువా నిండా కట్టని చీరలున్నాయి. ఫోన్లో అమ్ముకోవచ్చని అందరూ అంటున్నారు. మన క్లాసులో కొందరు మొదలుపెట్టేశారు కూడా. ఎలా అమ్మాలి, ధర ఎలా వస్తుంది, ఏం రాయాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఇంట్లో తెలిసిన పాటే

వేలంపాట మనకు కొత్త కాదు. తిరువళ్ళూరులో గానీ తిరుత్తణిలో గానీ చీటీ వెయ్యని వీధి వెతికినా దొరకదు. 20 మంది, నెలకు 1000 రూపాయలు, 20 నెలల చీటీ అనుకోండి. నెలకు 20,000 కూడుతుంది. డబ్బు అవసరం ఉన్నవాళ్ళు పాట పాడతారు. ఒకామె 3000 తగ్గించుకొని 17,000కు పాడుకుంది. ఆ 3000లో చీటీ నడిపేవాళ్ళ కమిషన్ పోగా మిగిలింది అందరికీ పంచుతారు.

ఇక్కడ పాట చేసిన పనేమిటి? ఆ నెల ఎవరికి ఎంత అవసరమో బయటపెట్టింది. మామూలుగా అడిగితే ఎవరూ చెప్పరు. "నాకేం అంత తొందర లేదు" అనే అంటారు. పాట మొదలైతే మనసులో ఉన్న అంకె నోటికొస్తుంది.

చీర వేలంలో జరిగేదీ అదే. ఒకసారి కట్టిన చీరకు అంగట్లో ధర చీటీ ఉండదు. అమ్మేవాళ్ళకు దాని విలువ తెలీదు. కొనేవాళ్ళలో ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క అంకె ఉంటుంది. ఆ అంకెల్ని బయటికి రప్పించే పద్ధతే పాట. కాబట్టి ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. ఏ అంగట్లోనైనా దొరికే కుర్తీలు, లెగ్గింగులు వేలానికి పనికిరావు. వాటికి ఒక ధర పెట్టి అమ్మేయడమే మేలు. ఇంకోటి దొరకని చీర, పాత నేత, ఇప్పుడు నెయ్యని అంచు లాంటివాటికే పాట బాగుంటుంది.

2. గిన్నెల బేరం, జరీ బేరం

ఇన్నాళ్ళూ పాత బట్టలు ఎలా పోయేవి? మధ్యాహ్నం వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లు" అని కేక వినపడేది. గంపలో గిన్నెలు, బేసిన్లు, టిఫిన్ డబ్బాలు. అమ్మ నాలుగు చీరలు, రెండు ప్యాంట్లు వేస్తే ఆమె ఒక చిన్న డబ్బా చూపించేది. అమ్మ పెద్దదాని వైపు చూసేది. "ఇంకో పట్టుచీర వెయ్యమ్మా" అనేది ఆమె. అలా బేరం తెగేది.

ఆమె మోసం చేసిందని మనం అనకూడదు. ఆమె చిరిగింది, మంచిది అన్నీ కలిపి తీసుకుంటుంది. మూట మోస్తుంది. ఏరుతుంది. బాగున్నవి సంతకు పోతాయి, పనికిరానివి మెకానిక్ షెడ్లకు, ప్రెస్సులకు తుడుపు గుడ్డలుగా పోతాయి. నష్టం వస్తే ఆమెదే. లోపం ఆమెలో లేదు, బేరంలో ఉంది. ఆ గడప ముందు కొనేది ఆమె ఒక్కతే. ఒక్కరే కొనేచోట ధర ఆ ఒక్కరు చెప్పిందే అవుతుంది.

ఇంకో బేరం ఉంది. పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్ళు. వాళ్ళ చూపంతా జరీ మీదే. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. వాళ్ళు దాన్ని కరిగించి వెండి తీసుకుంటారు. చీర తూకానికి పోతుంది. పడుగు సరిచేసి, పేక పేకా కొట్టి, అంచును ఒంటితో కలిపి నేసిన మనిషి పనికి ఆ లెక్కలో విలువ సున్నా.

తిరుత్తణి, ఆర్.కె.పేట, పొదటూరుపేట, అత్తిమాంజేరిపేట అన్నీ మగ్గాల ఊళ్ళు. కంచి మనకు దగ్గరే. మనలో చాలామందిమి మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్ళమే. ఇరవై ఏళ్ళ కింద నేసిన మంచి చీర కరిగి తూకం కావాలా, ఇంకొకరి ఒంటి మీదకు పోవాలా అన్నది మనకు చిన్న ప్రశ్న కాదు. దాని నేతను చూసి కొనే మనిషి మన వీధిలో లేకపోవచ్చు. మదురైలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండవచ్చు. ఫోన్లో వేలం పనికొచ్చేది ఇక్కడే. వీధిలో ఒక్కరే ఉన్న కొనుగోలుదారు పదిమంది అవుతారు.

3. తిరుపతిలో వస్త్రాల ఈ-వేలం

వాడిన బట్టల్ని ఇంటర్నెట్‌లో వేలం వెయ్యడం ఏదో విదేశీ సరదా అనుకునేవాళ్ళుంటే వాళ్ళు తిరుపతి వైపు చూడాలి. తిరుత్తణి నుంచి రెండు గంటల ప్రయాణం. తిరుమల తిరుపతి దేవస్థానం, శ్రీవారి ఆలయంలోనూ అనుబంధ ఆలయాల్లోనూ భక్తులు సమర్పించిన వస్త్రాలను ఈ-వేలంలో అమ్ముతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కొనుగోలు పోర్టల్ ద్వారా పాట జరుగుతుంది. ఆ ప్రకటనలు పేపర్లో వస్తుంటాయి. ఈసారి కనిపిస్తే కత్తిరించి దాచుకోండి, మంచి పాఠ్యాంశం.

అందులో ధోవతులు, ఉత్తరీయాలు, పాలిస్టర్ చీరలు, జాకెట్టు గుడ్డలు, తువ్వాళ్ళు, శాలువాలు, దుప్పట్లు, పరదాలు, హుండీ గలేబులు ఉంటాయి. అన్నీ కలిపి ఒక గుట్టగా పెట్టరు, రకానికి ఒక లాటుగా విడదీస్తారు. మనం గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆ ప్రకటనల్లో వస్త్రాలను కొత్తవి, ఉపయోగించినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని ముందే చెప్పేస్తారు. దేవుడి బట్టలే అయినా దెబ్బతిన్నదాన్ని దెబ్బతిన్నదనే రాస్తారు. కొనేవాళ్ళు దాన్నిబట్టి పాడతారు.

"ఒకరు కట్టిన చీర మనం కట్టడమేంటి" అని ముఖం చిట్లించేవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. అదే మనిషి అమ్మవారికి కట్టిన చీరను గుళ్ళో పాడుకొని, కళ్ళకద్దుకొని, పండగకు కడుతుంది. అక్క చీర చెల్లెలు కడుతుంది. ఎవరు కట్టారన్నదాన్నిబట్టే బట్టకు విలువ పెరుగుతుంది, తరుగుతుంది. 2015 ఫిబ్రవరిలో సూరత్‌లో ప్రధాని నరేంద్ర మోదీ వేసుకున్న ఒక సూటును వేలం వేస్తే 4 కోట్ల 31 లక్షలు పలికింది. గుడ్డకు అంత ధర ఎక్కడా ఉండదు, అది వేసుకున్న మనిషికి కట్టిన ధర. మన చీరలకు అలాంటి పేరు లేదు. కాబట్టి దాని కథను నిజంగా చెప్పుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

4. ఇంటర్నెట్‌లో పాట ఎలా నడుస్తుంది

1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అని ఒక వేలం పేజీ మొదలుపెట్టాడు. అదే తర్వాత ఈబే అయింది. అక్కడ మొదట అమ్ముడైన వస్తువు విరిగిపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. విరిగిందని తెలిసే కొన్నారు. మన దేశంలో 2000లో బాజీ.కామ్ అనే వేలం సైటు వచ్చింది. 2004లో ఈబే దాన్ని కొనేసింది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చి, 2018 ఆగస్టు 14న మూతపడింది.

అక్కడి పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది. పాట పాడే మనిషి రోజంతా ఫోను పట్టుకొని కూర్చోనక్కరలేదు. తాను పెట్టగలిగిన గరిష్ఠ ధర రహస్యంగా చెప్పి వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళు పెంచినప్పుడు యంత్రమే ఆమె తరఫున కొంచెం కొంచెం పెంచుతుంది.

లెక్క చూద్దాం. చీర మొదటి ధర 500, పెంపు 50. ఒకామె రహస్యంగా 1400 దాకా పెట్టింది. ఇంకొకామె 1100 దాకా పెట్టింది. పాట 1100 దగ్గర రెండో ఆమె ఆగిపోతుంది. మొదటామె 1150కి గెలుస్తుంది. ఆమె 1400 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా అంత ఇవ్వనక్కరలేదు. రెండో ఆమె రాకపోయి ఉంటే? అదే చీర 500కే పోయేది.

కాబట్టి అమ్మేవాళ్ళకు డబ్బు తెచ్చేది గెలిచినామె కాదు, ఓడిపోయినామె. చీరను బాగా ఇష్టపడే ఒక్కరు దొరికితే చాలదు. దాదాపు అంతే ఇష్టపడే రెండోవాళ్ళు కావాలి. రెండో పాట మీద ధర నిలవడం గురించి విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో రాశాడు. గెలిచినవాళ్ళు రెండో ధరే ఇచ్చే పద్ధతిలో ఎవరికైనా తమ మనసులోని అసలు అంకె చెప్పడమే లాభమని చూపించాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మన దగ్గర పాత బట్టలు ఎక్కువగా ఓఎల్ఎక్స్ లాంటి చోట్ల ధర పెట్టి, బేరమాడి అమ్ముతున్నారు. వేలం కావాలంటే ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. ఫోటో కింద కామెంట్లో పాట పాడతారు. అక్కడ యంత్రం ఉండదు, పాట నడిపేది మనమే. అందుకని నియమాలు మనమే ముందుగా రాసి పెట్టాలి.

మొదటి ధర: ఇంత తక్కువకు పోయినా బాధపడను అనిపించే అంకె పెట్టండి. తక్కువగా మొదలుపెడితే పదిమంది వస్తారన్నది నిజమే. కానీ ఒక్కరే వస్తే ఆ తక్కువకే ఇచ్చెయ్యాలి. మాట మార్చకూడదు.

పెంపు: ఒక్కో పాటకు కనీసం ఎంత పెంచాలో చెప్పండి. 1000 లోపు చీరకు 50 చాలు.

ముగింపు: తేదీ, గంట, నిమిషం రాయండి. చివరి నిమిషంలో చొరబడి పాడుకుపోయేవాళ్ళుంటారు. చివరి 5 నిమిషాల్లో కొత్త పాట వస్తే ఇంకో 5 నిమిషాలు పొడిగిస్తామని రాస్తే ఆ తంటా ఉండదు.

దొంగ పాట: ధర పెంచడానికి పిన్ని కూతురితో పాడించడం. ఈబే లాంటి చోట్ల దీన్ని నిషేధించారు. మన గ్రూపులో ఎవరూ పట్టుకోకపోవచ్చు. కానీ ఆ అమ్మాయే గెలిచిందంటే చీర మళ్ళీ మన బీరువాలోకే. ఒకసారి తెలిస్తే ఆ పేజీలో ఇంకెవరూ నోరు తెరవరు.

కాలం: ఆడి నెలలో అంగళ్ళన్నీ తగ్గింపు అమ్మకాలు పెడతాయి. కొత్త చీరలే చౌకగా దొరికేటప్పుడు పాతదానికి పాట పెరగదు. పెళ్ళిళ్ళ నెలలకు ముందు, నెల మొదటి వారంలో, ఆదివారం రాత్రి పెడితే మంచిది.

5. లోపం చెబితే ధర పడిపోదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. "మరక ఉందని రాస్తే ఎవరు కొంటారు?"

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల అంగడి గురించి ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో పనికిమాలిన కారును వాడుకలో 'లెమన్' అంటారు. కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీనప్పుడు కొనేవాడు భయపడి మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. ఆ ధరకు మంచి కారు ఉన్నవాడు అమ్మడు, వెనక్కి తీసుకుపోతాడు. చెడ్డ కార్లే మిగులుతాయి. ఆ సంగతి తెలిసి కొనేవాళ్ళు ఇంకా తగ్గిస్తారు. చివరికి అంగడే చెడిపోతుంది. ఈ ఆలోచనకు 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

కారు బదులు చీర పెట్టి చూడండి. ఫోటోలో అన్ని చీరలూ బాగుంటాయి. తాకి చూడటానికి లేదు, వాసన చూడటానికి లేదు, వెలుతురుకు ఎత్తి చిల్లులు వెతకడానికి లేదు. లోపాలేవీ రాయని చీరను చూసి కొనేవాళ్ళు అందులో లోపాలు లేవనుకోరు, ఏదో దాచారనుకుంటారు. ఉన్న ఒక్క మరకకు తగ్గించాల్సింది వంద రూపాయలైతే, లేని పది లోపాలు ఊహించుకొని ఐదువందలు తగ్గిస్తారు.

పాటలో ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ పాడి గెలిచినవాళ్ళకు "అందరూ ఆగిపోయారే, నేనే మోసపోయానా" అన్న భయం పట్టుకుంటుంది. ఆ భయంతోనే ముందే వెనక్కి తగ్గి పాడతారు. 1982లో పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ వెబర్ అనే ఇద్దరు పండితులు దీన్ని లెక్కకట్టి చూపించారు. కొన్ని షరతులకు లోబడి, సరుకు గురించి తనకు తెలిసింది మంచైనా చెడైనా ఎప్పుడూ చెప్పే అమ్మకందారుకే సగటున ఎక్కువ ధర వస్తుందన్నారు. వేలాల మీద చేసిన పనికి మిల్‌గ్రోమ్‌కు, రాబర్ట్ విల్సన్‌కు కలిపి 2020లో నోబెల్ వచ్చింది.

సగటున అన్న మాట గమనించండి. ఒక్కో చీరకు లోపం చెప్పడం వల్ల ధర తగ్గవచ్చు. కానీ పది చీరలు అమ్మేవాళ్ళకు, అదే వీధిలో అదే పేరుతో బతకాల్సినవాళ్ళకు, చెప్పడమే లాభం. మొదట్లో చెప్పుకున్న చాటడం అంటే ఇదే. అంగడివాడు ధర చాటుతాడు, మనం చీరను చాటాలి.

6. వివరణ రాయడం తెలుగు పనే

మన డిపార్ట్‌మెంటుకు ఇందులో పని ఏమిటంటే, ఇదీ ఒక రచనే. ఎక్కువగా కనపడే వివరణ ఇలా ఉంటుంది:

"సూపర్ పట్టుచీర! కొత్తదానిలానే ఉంది. ఒక్కసారే కట్టాం. నచ్చినవాళ్ళు వెంటనే మెసేజ్ చెయ్యండి."

ఇందులో కొనేవాళ్ళకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. పొడవెంత? జాకెట్టు గుడ్డ ఉందా? ఏ ఊరి నేత? ఎన్నేళ్ళ కిందటిది? 'సూపర్' అన్నది అమ్మేవాళ్ళ సంబరమే, చీర లక్షణం కాదు. ఇప్పుడు దీన్ని చదవండి:

"కంచిలో కొన్న పట్టుచీర. ఒంటి రంగు అరిటాకు పచ్చ, అంచు అరక్కు ఎరుపు, రెండు వైపులా 4 అంగుళాలు. పొడవు ఐదున్నర మీటర్లు, జాకెట్టు గుడ్డ కత్తిరించాం. 2009లో పెళ్ళికి కొన్నది. పది పన్నెండుసార్లు కట్టారు. లోపాలు: మడత పడేచోట రెండు చోట్ల పట్టు చిట్లింది, పెద్దది ఒక అంగుళం, కుచ్చిళ్ళలోకి పోతుంది. కొంగు జరీ కొంచెం నల్లబడింది. కింది అంచు దగ్గర రూపాయి బిళ్ళంత పసుపు మరక. ఫాల్ మార్చుకోవాలి. జరీ అసలుదో కాదో పరీక్ష చేయించలేదు. లోపాల ఫోటోలు విడిగా పెట్టాం."

రెండో వివరణలో పొగడ్త లేదు. అయినా చీర కళ్ళకు కడుతుంది. చివరి మాట మరీ ముఖ్యం. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని రాసినవాళ్ళ మిగతా మాటలన్నీ నమ్మబుద్ధవుతుంది.

లోపాలకు మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. చిరగడం వేరు, చిట్లడం వేరు, పికలడం వేరు. చిరుగు అంటే గుడ్డే తెగింది. చిట్లడం పాత పట్టుకు మడతల దగ్గర వచ్చేది. పికిలింది అంటే కుట్టు ఊడింది, సూది దారంతో పోతుంది. పోగు లేచింది అంటే గాజు తగిలి దారం బయటికొచ్చింది. రంగు కారడం ఉతికితే జరిగేది, రంగు వెలవడం ఎండకు జరిగేది. మగ్గం ఇళ్ళవాళ్ళను అడిగితే ఇంకా సూక్ష్మంగా చెబుతారు. నిలువు పోగు పడుగు, అడ్డ పోగు పేక. "పేక తెగింది, పడుగు గట్టిగా ఉంది" అని రాస్తే తెలిసినవాళ్ళు రఫ్ఫు చేయించుకోవచ్చని అక్కడికక్కడే లెక్కేసుకుంటారు. 'డ్యామేజ్' అన్న ఒక్క మాటలో ఇవన్నీ కొట్టుకుపోతాయి.

పట్టో కాదో ఎలా తెలుస్తుంది? చీర లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, దూరంగా పట్టుకొని కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. చీరతో పాటు వచ్చిన సిల్క్ మార్క్ చీటీ ఇంకా దాచి ఉంటే దాని ఫోటో కూడా పెట్టండి.

ఫోటోలు ఐదు చాలు: మొత్తం చీర, అంచు, కొంగు, వెనక వైపు, లోపం. పగటి వెలుతురులో, గోడ మీద ఆరేసి తియ్యండి. ఫిల్టర్ పెడితే రంగు మారుతుంది, తర్వాత గొడవ.

7. చేతికి మిగిలేదెంత

పాట 1800 దగ్గర ఆగింది అనుకుందాం. అంతా మనదే అనుకోకూడదు. డ్రైక్లీనింగ్, పాలిష్ 250. రఫ్ఫు 150. కవరు, అట్ట 30. పోస్టు 120. పోగా మిగిలేది 1250. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే, రేట్లు మీ ఊళ్ళో కనుక్కోండి. కంచి పట్టుచీర బరువైనది, పోస్టు ఖర్చు బరువును, దూరాన్ని బట్టి పెరుగుతుంది. పార్సిలు ఖర్చు ఎవరిదో పాట మొదలవకముందే రాయకపోతే చివర్లో మాటామాటా వస్తుంది.

కొన్ని చీరలకు ఈ ఖర్చులే పాటను మించిపోతాయి. పాత నైలాన్ చీరను 200కు వేలం వేసి, 120 పోస్టుకు పెట్టడం కంటే గిన్నెలామెకు వెయ్యడమే న్యాయం. ఆమెకూ సరుకు కావాలి. మంచివన్నీ మనం ఏరుకొని ఆమెకు పేలికలే మిగిల్చితే ఆమె ఆ వీధికి రావడం మానేస్తుంది. అప్పుడు ఆ పేలికలు చెత్తకుండీకే.

డబ్బు లెక్క కంటే ముందు చూడాల్సిన లెక్క ఒకటుంది, ఆ చీర ఎవరిది? బీరువా తాళం మన చేతిలో ఉన్నంత మాత్రాన చీర మనది కాదు. అమ్మ కట్టడం మానేసిన చీరను ఎందుకు దాచిందో ఆమెకే తెలుసు. పోయినవాళ్ళ బట్టల విషయంలో ఒక్కో ఇంటికి ఒక్కో ఆచారం. అడిగి, ఒప్పుకుంటేనే ఫోటో తియ్యండి. వచ్చిన డబ్బు ఎవరికన్నదీ అప్పుడే మాట్లాడుకోండి. ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళకు సొంతమని చెప్పుకోదగ్గ ఆస్తి నగలు, చీరలే. దానికి ధర తెలుసుకునే హక్కు ముందు ఆమెది.

8. మన జాగ్రత్త

డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యనక్కరలేదు. అవి డబ్బు పంపడానికే. "డబ్బు పంపించాను, ఈ కోడ్ స్కాన్ చెయ్యండి" అన్నారంటే మోసం. పంపినట్టు చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. పడ్డాకే పార్సిలు. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

కొనేవాళ్ళలో చీర కోసం రానివాళ్ళు కూడా ఉంటారు. "కట్టుకున్న ఫోటో పంపండి, ఎలా ఉంటుందో చూస్తాం" అంటారు. పంపొద్దు. చీరకు మనిషి అక్కరలేదు, కొయ్య మీద ఆరేసినా అంచు కనిపిస్తుంది. ఇంటి అడ్రసు, సొంత నంబరు అందరికీ కనిపించే చోట పెట్టొద్దు. దగ్గరివాళ్ళయితే తిరువళ్ళూరు స్టేషన్లోనో తిరుత్తణి స్టేషన్లోనో పగటిపూట, తోడుగా ఒకరిని పెట్టుకొని అందివ్వండి. ఇబ్బంది పెట్టే మెసేజ్ వస్తే చెరిపెయ్యకుండా దాచి, ఇంట్లోనో డిపార్ట్‌మెంటులో మేడమ్‌కో చూపించండి. అందులో సిగ్గుపడాల్సింది పంపినవాడు.

పార్సిలు కట్టేటప్పుడు చీరను మడిచి కవర్లో పెట్టడం ఒక చిన్న వీడియో తియ్యండి. "మరక మాకు ముందే చెప్పలేదు" అన్న మాట వస్తే వివరణ, వీడియో రెండూ మన తరఫున మాట్లాడతాయి.

అభ్యాసం

1. మీ ఇంట్లో ఒక పాత చీర తీసుకొని, ఇంట్లోవాళ్ళను అడిగి, 60 మాటల్లో వివరణ రాయండి. 'సూపర్', 'బ్యూటిఫుల్' లాంటి పొగడ్త మాట ఒక్కటి కూడా ఉండకూడదు. లోపాలు కనీసం రెండు చెప్పాలి.

2. మొదటి ధర 300, పెంపు 50. ముగ్గురు రహస్యంగా పెట్టిన గరిష్ఠ ధరలు 700, 950, 1600. చీర ఎంతకు పోతుంది? 950 పెట్టినామె రాకపోతే ఎంతకు పోతుంది?

3. చీటీ పాటకూ చీర పాటకూ ఉన్న పోలిక ఒకటి, తేడా ఒకటి రాయండి.

4. బట్టల లోపాలకు మీ ఊళ్ళో వాడే మాటలు, తమిళంలోవైనా తెలుగులోవైనా, పది సేకరించండి. మగ్గం ఇళ్ళల్లో అడిగితే ఎక్కువ దొరుకుతాయి. చీటీ మీద రాసి ఈ గోడ పత్రిక కింద అంటించండి, వచ్చే సంచికకు పట్టికగా కూరుద్దాం.

5. "లోపం చెప్పినవాళ్ళే నష్టపోతారు." ఈ మాటను సమర్థిస్తూ గానీ ఖండిస్తూ గానీ ఐదు వాక్యాలు రాయండి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును అందులో ఎక్కడో ఒకచోట వాడండి.